ఫ్రిజ్జుకు ఆనించిన సంగటికట్టె

ప్రొద్దుటూరు కాలేజీలో శబ్దం గురించి పాఠం చెప్పే నాకు వినడం నిజంగా వచ్చా? ఏళ్లుగా ఉన్న అనుమానమిది.

మా ఫ్రిజ్జు నాలుగు రోజులుగా గరగరమంటోంది. మోటరు పోయింది, కొత్త ఫ్రిజ్జు కొనుక్కోండని మెకానిక్ చెప్పి వెళ్లాడు. ఈ రోజు వేములలోని తన బత్తాయి తోట నుంచి వచ్చిన మా పెద్దమ్మ, రాగిముద్ద కెలికే సంగటికట్టె ఒక కొనను మోటరుకు ఆనించి రెండో కొనకు చెవి పెట్టింది.

"మోటరు శానా బాగుంది పాపా. ఈ నీళ్ల తట్ట ఊగులాడతాంది, అంతే" అంటూ వెనకున్న తట్టను లోపలికి నొక్కింది. చప్పుడు ఆగిపోయింది!

"ఎట్ల కనుక్కుంటివి పెద్దమ్మా?"

"బోరు మోటరు కాలిపోతే చీనీచెట్లన్నీ ఎండిపోతాయి. వినకుంటే ఎట్ల? నువ్వు పిల్లోల్లకు చెప్పేది ఇదే కదా!"

మీ ఇళ్లలో ఇలాంటి చెవి ఎవరికుందో చెప్పండి. నాకెప్పుడూ అంత భయంతో వినాల్సిన అవసరం రాలేదు. అది నా అదృష్టమో, లోటో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.