రజియాబీ విప్పిన కుట్టు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. పొయ్యి మీద మైదా జిగురు ఉడుకుతోంది. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేశాను. ఆ వాసన తగలగానే నాకు రజియాబీ చేతులు కళ్లముందుకు వస్తాయి. గోళ్ల కింద ఎప్పుడూ నీలిమరక. తిరుపతిలో మా పక్కిల్లే. అచ్చాఫీసుల నుంచి కాగితాలు ఇంటికి తెచ్చుకుని పుస్తకాలు కుట్టేది. ఆమె కుట్టిన ఒక పుస్తకానికి వీపు ఊడిపోతే ఈ రోజు అతికిస్తున్నాను.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కానీ విన్నది మరిచిపోను. ఒక సాయంత్రం వీధి ఆడపిల్లలకు వెనకటి ఆడవాళ్ల సంగతులు చెబుతుంటే రజియాబీ సూది ఆపి విన్నది.

“యుద్ధాలు చేసిన రాణులకు పుస్తకాలుండాయి. అలిపిరి మెట్లకు రాళ్లు మోసినోళ్లకు యాడుండాది పుస్తకం? నువ్వు సెప్పు మే, నేను రాస్తా.”

“నా మాటలకు పుస్తకమా? నవ్వుతారక్కా.”

“నవ్వాలన్నా సదవాల గదా!”

అట్లా మొదలైంది. మిగిలిన కాగితాలు మడిచి, ఒక్కో ఆడమనిషికి ఒక్కో చిన్న పుస్తకం. ఏర్పేడు నుంచి నడిచొచ్చి కాన్పులు చేసిన మంత్రసానికి ఒకటి, పూలు కట్టి ముగ్గురు చెల్లెళ్లను చదివించిన ఆమెకు ఒకటి. రజియాబీ పెట్టిన నియమం ఒక్కటే: “సూసింది సెప్పు. పిల్లకాయల పుస్తకంలో అబద్ధం వొద్దు.”

ఆ నియమం నేను తప్పింది మా సుబ్బక్క పుస్తకంలో. అక్క చెట్లెక్కడం, బావిలో ఈత కొట్టడం అన్నీ చెప్పి, చివర జ్వరంతో పోయిందన్నాను. మా ఇంట్లో అందరిదీ అదే మాట. కాన్పులో ఆడపిల్ల పోయిన ఇంటితో సంబంధం కలుపుకోవడానికి జనం వెనకాడేవాళ్లు. నాకు పెళ్లి కాదేమోనని మా నాయన ఆ రోజే, “జొరమని సెప్పండి” అన్నాడు. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. గది బయట కూర్చుని రెండు రోజులు అక్క అరుపులు విన్నదాన్ని నేనే.

ఎదురింటి లక్ష్మి కూతురు గౌరి. తొమ్మిదో తరగతి. సుబ్బక్క పుస్తకం ఆ పిల్లకు కంఠతా వచ్చు. సత్యవేడు నుంచి మేనమామ గౌరిని పెళ్లి చేసుకుంటానని అడిగాడు. మనసొప్పక లక్ష్మి ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“వదినా, మీ అక్కకు గూడా ఈ వయసులోనే పెండ్లి సేసినారంట. కాన్పులో ఏమన్నా అయ్యిందా? నిజం సెప్పు.”

“లేదు లక్ష్మీ, జొరమే.”

నోటికి అలవాటైన మాట, వచ్చేసింది. లక్ష్మి ముఖం తేటపడింది. పెళ్లికి ఒప్పుకుంది. ఏడాది తిరగకుండానే గౌరి కాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు.

మూడోనాడు రజియాబీ చాప మీద పడి అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు. సుబ్బక్క పుస్తకం తీసి కత్తెరతో కుట్టు విప్పింది. చివరి కాగితం లాగేసింది. దాని చోట తెల్లకాగితం పెట్టి మళ్లీ కుట్టింది.

“ఇది నేను రాయను. నువ్వే రాయాల.”

“నాకు అక్షరాలు సరిగ్గా రావక్కా.”

“జొరమనేదానికి నోరు వొచ్చింది గదా. సెయ్యి గూడా వొస్తాది, రాయి.”

నాలుగు రోజులు పట్టింది. ‘మా అక్కకు పదమూడేళ్లకు పెండ్లి చేసినారు. పద్నాలుగేళ్లకు కాన్పులో చచ్చిపోయింది. జొరం కాదు. నేను ఆడనే ఉండినాను.’ ఇంతే రాశాను. తీసుకుపోయి లక్ష్మి చేతికిచ్చాను. గుమ్మంలోనే నిలబడి చదివింది.

“ఆ పొద్దు సెప్పింటే ఏమయ్యేది నీకు?” అన్నది.

పుస్తకం గడప మీద పెట్టి తలుపేసుకుంది. ఈనాటికీ నాతో మాట్లాడదు. ఆమె కోపం న్యాయమైనదే.

రజియాబీ కన్నుమూసి చాలా ఏళ్లయింది. ఆమె సూది నా దగ్గరుంది. ఇప్పటికీ పిల్లలు వచ్చి సుబ్బక్క పుస్తకం చదువుకుంటారు. చివరి పుటలో నా వంకర అక్షరాలు చూసి, “అవ్వా, ఇది నిజమేనా?” అని అడుగుతారు. “నిజమే అమ్మీ, నేను విన్నాను” అంటాను.

విన్న తల్లులారా, మీ ఇంటి ఆడపిల్లలు తమ కథ తామే రాసుకునేంత కాలం బతకాలి. మీ గడపలో ఏ బిడ్డ అరుపునూ ఇంకో పేరు పెట్టి దాచుకునే రోజు రాకుండుగాక.