నేను దిగమన్న గుంత

“మేస్త్రీ రెండు దినాలు మూత తీసి పెట్టమన్నాడు గదే, ఆగుదాం.”

“వాసనకు భయపడేటోనివి మగ్గమేం నేస్తావు? దిగు, సిమెంటు నేనందిస్తా.”

మొదటి మాట నా మొగుడిది. రెండోది నాది. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడింది లేదు.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. ఆ రెండో మాట దగ్గరే పెన్ను ఆపేసింది.

“అత్తా, ‘జాగ్రత్తగా దిగు’ అని రాయనా?”

“నేనన్నది రాయి పాపా. ఆ పొద్దు నువ్వుండావా ఆడ?”

మాది ధర్మవరం పక్క ఊరు. పట్టుచీరలు నేసే ఇల్లు. ఇంటి వెనక ఖాళీ జాగాలో మగ్గానికని ఒక గది కట్టించాం. పాయిఖానా పైపు ఆ జాగా కిందనుంచే పోయేది. పైపులో ఏమన్నా అడ్డం పడితే తీయడానికి కట్టిన గుంత, పైన బండతో మూసింది, సరిగ్గా కొత్త గది మధ్యలోకి వచ్చింది. పైపును గోడ బయటికి మార్చి, తిరిగిన ప్రతి మూలా మూత ఉన్న కొత్త గుంత కట్టాలన్నాడు మేస్త్రీ. పాతదాన్ని మట్టితో పూడ్చేయమన్నాడు.

వద్దన్నది నేనే. కాళ్లు దించి తొక్కడానికి మగ్గం కింద నడుం లోతు గుంత ఉండాలి. మా నేలలో జానెడు కింద రాయి. గడారితో తవ్వబోతే నిప్పులు లేస్తాయి.

“ఉన్న గుంత ఎవురన్నా పూడుస్తారా? అడుగున నాలుగు తట్టల మన్ను పోసి మెత్తితే సాలు.”

“అయితే నన్ను పాయిఖానాలో కూసోబెట్టి పట్టుచీర నేపిస్తావు” అని నవ్వాడు నా మొగుడు.

“చీరకేమన్నా వాసనొస్తాదా?”

మేస్త్రీ కూడా నవ్వాడు. అయితే లోపలి చెడుగాలి పోయేదాకా రెండు రోజులు మూత తీసి ఉంచి, తర్వాతే దిగమన్నాడు.

మా ఊరికి నీళ్లు నాలుగు రోజులకోసారి వస్తాయి. పాయిఖానాలో ఒక చెంబు ఎక్కువ పోస్తే నేను కొట్లాటకు పోయేదాన్ని. అందుకే ఆ పైపులో పోయిందేదీ సరిగ్గా పారలేదు. గుంత అడుగున బురదలా పేరుకుంది. కొత్త గదిలోకి మార్చాలని మగ్గం విప్పి నెలయింది. చీరకని చుట్టిన పట్టు పోగుల పడుగు దూలానికి వేలాడుతూ ఉంది. వస్తూ పోతూ దాన్ని చూసి నాకు ఓపిక చచ్చింది.

ఆ పొద్దున బండ తీయగానే దిగమన్నాను. దిగాడు. ఛాతీ లోతు. పాత పైపు నోరు మూయడానికి వంగాడు. నేను ఇటు తిరిగి సిమెంటు కలిపాను. మళ్లీ చూసేసరికి అడుగున కూర్చుని ఉన్నాడు, తల వంచుకుని, మగ్గం మీద కూర్చున్నట్టే.

“ఏం, ఆన్నే నిద్రపోతాండావా?” అన్నాను.

కుళ్లిన గుడ్డు వాసన ముఖాన కొట్టింది. నేను కాలు దించబోతే, గోడ బయట పైపు వేస్తున్న మేస్త్రీ నా కేకకు పరిగెత్తుకొచ్చి జుట్టు పట్టి వెనక్కి లాగాడు. మోకు వేసి నలుగురు పైకి తీసేసరికి ఊపిరి లేదు.

ఆయన దిగేటప్పుడు నేను వంటింట్లో ఉన్నానని, ఆయనంతట ఆయనే దిగాడని అందరికీ చెప్పాను. శవం మీద పడి మా అత్త, “ఎవురి మాటా ఇనని మొండోడు నా కొడుకు” అని ఏడ్చింది. ఇప్పుడు నా కొడుకు కూడా, “మా నాయన మొండితనంతో పోయినాడు” అంటాడు. ఆయన మొండోడు కాదు. ఆగమన్న మేస్త్రీ మాట విన్నాడు. దిగమన్న నా మాట విన్నాడు.

పాత గుంత పూడ్చేశాం. గది ఇంకో కొసన కొత్తది తవ్వడానికి ఇద్దరికి మూడు రోజులు పట్టింది, అంతే. నా కొడుకు అందులోనే కూర్చుని నేస్తున్నాడు. బయటి గుంతల మూతలు నేనే తీసి, దూరంగా నిలబడి వెదురుబద్దతో పొడుస్తాను. వాణ్ణి దగ్గరికి రానివ్వను.

సాయంత్రం వాడు మగ్గం దిగగానే ఈ కాగితం చేతికిస్తాను. నోటితో చెప్పడం నా వల్ల కాలేదు.

ముందు నాకు చదివి వినిపించు పాపా. పైనుంచి చదువు. ‘దిగు’ అన్నది అట్లే ఉండాదా లేదా, నేను వినాల.