ఈశ్వరి అమ్మిన పెళ్ళిసంచులు

"సబ్బుబిళ్ళ కూడా తెచ్చుకోలేనోడు పెళ్ళికెందుకొస్తాడే?"

ఈశ్వరిని ఈ మాట అడిగినవాడు ఆమె అక్క మొగుడు భీమశంకరరావు. అరసవల్లి గుడికి పోయే దారిలో ఆయనకు కిరాణా కొట్టుంది. రేపటి నుంచి ఆ కొట్టుకు రానని ఈశ్వరి అప్పుడే చెప్పింది. పొరుగూళ్ళ నుంచి పెళ్ళికొచ్చే చుట్టాలకు దిగగానే చేతికిచ్చే సంచులు తయారుచేసి బతుకుతానంది. సంచిలో సబ్బు, షాంపూ, దువ్వెన, తలనొప్పి మాత్రలు, తినడానికి నాలుగు రకాలు. పెళ్ళిళ్ళవాళ్ళు వాటిని వెల్‌కమ్ బ్యాగులంటారు.

"రైలు దిగినోడికి ఊరు కొత్త బావా. గదిలోకెల్లేసరికి అన్నీ అమిరుంటే ఎంత మర్యాదగుంటాది!"

"మర్యాదా? మా పెళ్ళికి మా విడిదింట్లో మీ నాన్న ఏటెట్టాడో తెలుసునా? వేపపుల్లలు. ఒక కట్ట."

భీమశంకరరావు వెటకారానికి అన్నా, చరిత్రే చెప్పాడు. విడిదింటికి పళ్ళుతోముకునే పుల్లలు, తలనూనె, కుంకుమభరిణ పంపడం తాతల నాటి పనే. దానికో జిప్పు కుట్టి, మీద వధూవరుల పేర్లు అచ్చేస్తే ఇవాళ్టి వెల్‌కమ్ బ్యాగు. అతిథుల మీద భక్తి పొంగిపోయి ఎవరూ ఇవ్వరు. ఇవ్వకపోతే వియ్యాలవారు పదేళ్ళపాటు దెప్పుతారని ఇస్తారు.

ఈశ్వరికి కొట్టు కొత్త కాదు. మొగుణ్ణి వదిలి అక్క ఇంటికి వచ్చిన నాటి నుంచి అక్కడ గల్లాపెట్టె వెనక బల్ల మీదే కూర్చుంది. మొగుడు బొబ్బిలిలో కులాసాగా ఉన్నాడు, ఆయనతో ఈ కథకూ పనిలేదు, ఆమెకూ లేదు. కొట్టులో ఆమె పొద్దున తాళం తీసేది, రాత్రి తాళం వేసేది, మధ్యలో పప్పులు తూచేది. జీతం మాటెత్తితే బావ, "ఇంట్లో మనిషికి జీతమేటే?" అనేవాడు. ఇంట్లో మనిషికి రెండుపూటలా అన్నం, పండక్కి చీర. ఆ చీర రంగు కూడా ఆయనే ఎంచేవాడు. మళ్ళీ ఆ బల్ల మీద కూర్చోకూడదన్నదే ఆమె పంతం. మిగతావన్నీ దాని తర్వాతే.

చిన్నపెళ్ళిళ్ళు రెండు బాగానే నడిచాయి. మూడోది జగన్నాధం కూతురి పెళ్ళి. జగన్నాధం ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారి. జిల్లాలో వర్తకులందరూ ఆయన్ని ఎరుగుదురు. ఆయన ఇంట మంచిపేరొస్తే ఏడాదంతా పని ఉంటుంది. చెడ్డపేరొస్తే భీమశంకరరావు బల్ల ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది.

నూట యాభై సంచులు, పదహారు వేలకు బేరం, డబ్బు పెళ్ళయ్యాక. పెళ్ళికూతురు అనూరాధ బెంగుళూరు నుంచి ఫోన్ చేసింది. "పసుపురంగు వద్దక్కా, పెళ్ళంటే చాలు అందరూ అదే. నలుపు పెట్టు. నలుపు మీద బంగారు అక్షరాలైతే ఫొటోలో అదిరిపోతాయి."

పలాస జీడిపప్పు పెడదామని ఈశ్వరి అంటే జగన్నాధం నెత్తి బాదుకున్నాడు. "జీడిపప్పా? నన్నమ్మేసి కొంటావేటి? నువ్వుండలెట్టు. ఒంటికి బలం."

ఇక బావ. మరదలు వేరే కొట్టులో సరుకు కొంటే పరువు పోతుందని, ఎన్నాళ్ళుగానో అమ్ముడుపోని తలనూనె సీసాలు ఆమెకు అంటగట్టాడు. వైశాఖం ఎండలని ఓఆర్ఎస్ పొట్లాలు వేసింది. చివరికి ఈశ్వరి తన సొంత ఆలోచన ఒకటి కలిపింది. ఇంకెవరి సంచిలోనూ ఉండనిది, గోళ్ళు కత్తిరించుకునే నెయిల్ కట్టర్. దాని గురించి ఆమె కాస్త గర్వపడింది కూడా.

ఎవరి మాటకు వాళ్ళ దగ్గర కారణముంది. సంచిలో ఉన్నవన్నీ ఒకచోట పరిచి చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

పెళ్ళి ఆదివారం. శనివారం పొద్దున్నే మగపెళ్ళివారి బస్సు గజపతినగరం నుంచి వచ్చి అరసవల్లిలో లాడ్జి ముందు ఆగింది. ముందుగా దిగింది పెళ్ళికొడుకు నాన్నమ్మ లక్ష్మణమ్మ. ఈశ్వరి నవ్వుతూ మొదటి సంచి ఆమె చేతికిచ్చింది. ముసలమ్మ వరండాలో కుర్చీ లాక్కుని అక్కడే సంచి ఒళ్ళో బోర్లించుకుంది. ఒక్కొక్కటే తీసి చూస్తోంది, మొహం మాడిపోతోంది.

"ఏటే అమ్మా, ఇది ఎవులు సర్దేరు?"

"నేనే మామ్మా. అమ్మాయి తరపు మర్యాద."

"మర్యాదా? సూడు. నల్లగుడ్డ. నువ్వులు. నూనె." నెయిల్ కట్టర్‌ని రెండువేళ్ళతో పైకెత్తింది. "ఇనుము. ఇయ్యాల వారమేటి?"

"శనివారం," అన్నారెవరో.

"ఉప్పొకటే తక్కువ."

పెళ్ళికొడుకు మేనమామ వెంకటసాయి హైస్కూల్లో సైన్సు మాస్టారు. తన సంచిలోంచి ఓఆర్ఎస్ పొట్లం తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, వెనక అచ్చేసింది శ్రద్ధగా చదివాడు. "ఉప్పు కూడా ఉన్నాదత్తా," అన్నాడు.

శని పట్టినవాడు ఆ శనిని వదిలించుకోవడానికి ఇచ్చే దానంలో ఇవే ఉంటాయి. పుచ్చుకున్నవాడికి ఆ శని చుట్టుకుంటుందని నమ్మకం. నూట యాభై మందికి ఒకేసారి చుట్టబెట్టాలన్న ఆలోచన మాత్రం అంతకుముందు ఎవరికీ వచ్చినట్టు లేదు.

"మా శని మాకు సాలదేటి? మీది కూడా మొయ్యాలా?" అని ఒకావిడ సంచిని వరండాలోకి గిరాటేసింది. మిగతావాళ్ళూ అదే చేశారు. సైన్సు మాస్టారు తన సంచిని చేత్తో తాకకుండా చెప్పుతో నెట్టాడు. బస్సు తిప్పమని ఎవరో డ్రైవర్ని కేకేశారు.

కబురందుకుని జగన్నాధం పక్కనున్న కల్యాణమండపం నుంచి జారుతున్న పంచె ఒకచేత్తో పట్టుకుని పరుగున వచ్చాడు. "ఒసే ఈశ్వరీ! నా కూతురి పెళ్ళిలో శనిదానాలు పంచుతావేటే?"

నువ్వుండలు ఎవరు పెట్టమన్నారని అడగాలని ఆమెకు నోటిదాకా వచ్చింది. అడిగితే ఆయన ఒప్పుకోడు. ఆ కుప్ప వంక చూస్తుంటే ఆమెకు బావ కొట్టు కనిపించింది. పప్పు బస్తాల మధ్య ఆ బల్ల. "వచ్చీసావా?" అని పళ్ళికిలించే బావ. ఆ పళ్ళు తలుచుకుని నోరు తెరిచింది.

"మామ్మా, దానం పట్టొద్దు. కొనుక్కోండి."

"ఏటి?"

"రూపాయెట్టి తీసుకోండి. కొన్నది దానమవదు గదా? మీ ఇంట్లో ఉప్పూ నూనే కొట్లో కొంటారా, దానం పడతారా?"

అక్కడున్న వాళ్ళందరూ వర్తకుల కుటుంబాలవాళ్ళే. శాస్త్రం సంగతి ఎలా ఉన్నా, బేరం మాట వినబడితే చెవులు వాటంతటవే నిక్కబొడుచుకుంటాయి.

"రూపాయికా?" అంది లక్ష్మణమ్మ. "సబ్బు కూడా దాంట్లోనేనా?"

"సబ్బూ, షాంపూ, దువ్వెన. అన్నీని."

"అర్ధరూపాయికియ్యవా?"

"అర్ధరూపాయి ఎక్కడ సెల్లుతాది మామ్మా ఇప్పుడు?"

లక్ష్మణమ్మ కొంగుముడి విప్పి రెండు రూపాయి బిళ్ళలు తీసింది. వాటిని ఈశ్వరి అరచేతిలో పెట్టి, "అయితే రెండియ్యి," అంది.

ఏడున్నరేళ్ళు పట్టి పీడిస్తాడని పేరున్న గ్రహం అరసవల్లి లాడ్జి వరండాలో రూపాయికి వదిలిపోయింది. ఆచారాన్ని అంత గట్టిగా పట్టుకునేవాళ్ళకు దాన్ని తప్పించుకునే దొడ్డిదారులు కూడా అంతే బాగా తెలుసు. సంచిని గిరాటేసిన ఆవిడ అయిదు రూపాయల బిళ్ళ ఇచ్చి చిల్లర వద్దంది, అయిదు సంచులు పట్టుకుపోయింది. సైన్సు మాస్టారు దగ్గర చిల్లర లేదు. ఈశ్వరి ఫోన్‌లోని కోడ్‌ని తన ఫోన్‌తో స్కాన్ చేసి రూపాయి పంపించి, పంపించినట్టు తెర చూపించి మరీ తన సంచి తీసుకున్నాడు. బస్సు డ్రైవరు కూడా రెండు కొన్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు వరండా ఊడ్చినట్టయింది.

సాయంత్రం రాయగడ రైలుకు ఇంకో నలభై మంది చుట్టాలు ఆమదాలవలసలో దిగారు. వాళ్ళకివ్వడానికి జగన్నాధం దగ్గర నమస్కారం తప్ప ఏమీ లేదు.

పెళ్ళయిన మూడోనాడు ఈశ్వరి బాకీ అడగడానికి ధాన్యం కొట్టుకు వెళ్ళింది.

"బాకీయా?" అన్నాడు జగన్నాధం. "నా సుట్టాల దగ్గర నువ్వు రూపాయిలు దండలేదా?"

"రూపాయి పేరుకి తీసుకున్నాను మావా. మీరు సెప్పిన రేటు వేరు గదా?"

"అది కాదే, నా మాటిను. ఆ సంచులు నేనిచ్చానంటే శనిదానం సేసినట్టు. నా కూతురు ఆ ఇంట్లో కాపరం సెయ్యాలి. అందుకని నేనియ్యలేదు. నువ్వమ్మావు, వాళ్ళు కొన్నారు. ఒక సరుక్కి ఎంతమంది డబ్బులియ్యాలే?"

ఆ వాదన ఈశ్వరి కనిపెట్టిందే. వరండాలో బస్సెడు మంది దాన్ని ఒప్పుకున్నారు కూడా.

భీమశంకరరావు విషయం విని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక, "రేపు పెందలాడే తాళం తియ్యి," అన్నాడు. ఈశ్వరి తియ్యలేదు. అప్పటికే గజపతినగరం నుంచి లక్ష్మణమ్మ ఫోన్ చేసింది. మనవరాలి పెళ్ళికి రెండొందల సంచులు కావాలంది. నలుపు వద్దు, నువ్వులు వద్దు. "ఆ గోళ్ళ కత్తెర మాత్రం ఎట్టు. మా ముసలాయన వదలట్లేదు." సగం డబ్బు ముందే పంపింది. ఆ సంచులకు సబ్బులు ఈశ్వరి బావ కొట్టులోనే, టోకు ధరకు, రొక్కానికి కొంది. ఆయన లేచి లెక్కపెట్టి ఇచ్చాడు.

జగన్నాధం పదహారు వేలు ఇంకా ఇవ్వాలి.