వియ్యంకుడితో ట్రౌట్ వేట

కార్డిఫ్‌లో తెలుగువాళ్ళు జయకృష్ణని చేపల డాక్టరంటారు. నిజానికి ఆయన డాక్టరూ కాదు, పాడూ కాదు. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే రేడియోగ్రాఫర్. పుట్టింది ధవళేశ్వరం. డ్యూటీల రోటాలో ఆదివారం సెలవు పడిందంటే చాలు, కారెక్కి అస్క్ నది దగ్గర వాలిపోతాడు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే తంతు. భార్య ప్రఫుల్ల మొదట్లో సణిగింది, తిట్టింది, చివరికి విసుగొచ్చి ఊరుకుంది.

ఆయనకో పద్ధతుంది. గాలాల పెట్టె తెరిచే ముందు పది నిమిషాలు నీళ్ళు చూస్తాడు. నీళ్ళు తేటగా, తక్కువగా ఉంటే వెంట్రుకంత సన్న దారం, దాని చివర గోరులో సగం ఉండే దొంగ ఈగ. ఈకలూ దారమూ కలిపి కట్టిన ఆ బొమ్మని ట్రౌట్ చేప నిజం ఈగనుకోవాలి కదా! నీళ్ళు కాస్త టీ రంగుకి తిరిగితే చేపకి కళ్ళు సరిగ్గా ఆనవు. అప్పుడు లావు దారం, బరువైన పెద్ద ఈగ. ఇక మట్టి కలిసి పొంగుతుంటే పెట్టె మూసి ఇంటిదారి పట్టడమే. "గోదారికి వరదొస్తే రెండ్రోజుల ముందే తెలుస్తుందండీ. ఈ కొండేరుకి కబురూ లేదు, కాకరకాయా లేదు" అంటాడు ఎవరడిగినా.

అంత తెలిసిన మనిషి మే నెలలో ఒక ఆదివారం నోరు మూసుకున్నాడు. కారణం వియ్యంకుడు.

కూతురు మధులికకి స్టీవెనేజ్‌లో ఉండే వెంకటాచలంగారి అబ్బాయితో సంబంధం కుదిరింది. ఆగస్టులో ముహూర్తం. వెంకటాచలం ఇంజినీరు, నవ్వితే పక్క వీధికి వినబడే గొంతు. "బావగారూ, నాకూ ట్రౌట్ పట్టడం నేర్పాలి" అంటూ ఆన్‌లైన్లో కొన్న కొత్త సరంజామాతో దిగాడు.

ఏటి ఒడ్డున ఆ సరంజామాని జయకృష్ణ ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూశాడు. బూట్లు నున్నటివి, నాచు రాయి మీద కాలు పెడితే అంతే సంగతులు. ఛాతీదాకా వచ్చే రబ్బరు ప్యాంటుంది గానీ దానికి బెల్టు లేదు. బెల్టు లేకుండా నీళ్ళలో పడితే ఆ ప్యాంటు బిందెలా నిండుతుంది, మనిషి లేవలేడు.

"నా దగ్గర మేకులున్న బూట్లు ఇంకో జత ఉన్నాయండి, ఆయ్. బెల్టు కూడానూ..."

"మగపెళ్ళివారికి పాత బూట్లా బావగారూ!" అని వెంకటాచలం పకపకా నవ్వాడు.

సరదాకే అన్నాడు పాపం. కానీ ఆడపిల్ల తండ్రికి ఆ ఒక్క మాట చాలదూ? వియ్యంకుడికి ఎదురు చెప్పొద్దని ప్రఫుల్ల బయల్దేరేటప్పుడే మరీ మరీ చెప్పింది. జయకృష్ణ ఊరుకున్నాడు. అద్దంలాంటి నీళ్ళలో వెంకటాచలం లావు దారానికి మెరిసే పెద్ద ఈగని కట్టినా ఊరుకున్నాడు. ఆ బూట్లతో నడి ఏట్లో గులకతిప్ప మీదికి నడిచి వెళ్తున్నా ఊరుకున్నాడు. తగలబడ్డట్టే ఉంది మర్యాద!

ముప్పావుగంట ఒక్క చేపా తలెత్తి చూడలేదు. అప్పుడు పైనుంచి ఎండుటాకులు, పుల్లలు, నురగ కొట్టుకురావడం మొదలైంది. ఒడ్డున జయకృష్ణ పక్కన పొడిగా ఉన్న రాయి తడిసింది. పైన కొండల్లో వాన పడ్డట్టుంది. నీళ్ళు టీ రంగుకి తిరిగాయి.

"బావగారూ, కాస్త ఒడ్డుకి రండి, టిఫిను తిందాం!"

"ఉండండి, ఇప్పుడే ఏదో లాగింది!"

లాగదూ మరి! తేటనీళ్ళలో పనికిరాని ఆ పెద్ద ఈగ, రంగు మారిన నీళ్ళకి సరిగ్గా సరిపోయింది. రాడ్ విల్లులా వంగింది. చేప రెండు కేజీల పైమాటే. సన్న దారమైతే ఈపాటికి పుటుక్కున తెగేది, పీడా పోయేది. ఇది తెగదు. ఆయన వదలడు. నీళ్ళు మోకాళ్ళు దాటి తొడలదాకా వచ్చాయి.

"బావగారూ, దయచేసి..."

"ఒక్క నిమిషం!"

తిప్ప కనబడకుండా పోయింది. జయకృష్ణ తన చేతికర్ర అందుకున్నాడు. ఈ మనిషి పోతాడు, నా కళ్ళముందే పోతాడు అనుకున్నాడు.

"ఒరేయ్ వెంకటాచలం! రాడ్ పారెయ్‌రా! చస్తావురా వెధవా!"

వెంకటాచలం నివ్వెరపోయి వెనక్కి తిరిగాడు. తిరగడంతోనే కాలు జారింది. రాడ్ చేపతో సహా కొట్టుకుపోయింది. జయకృష్ణ చేతికర్ర ఊతం చేసుకుంటూ ఏట్లోకి దిగి, తన మేకుల బూట్లు రాళ్ళ సందుల్లో ఇరికించి నిలబడి, కొట్టుకొస్తున్న మనిషి కాలరు దొరకబుచ్చుకున్నాడు. నీళ్ళు నిండిన ప్యాంటు రాతిబండలా కిందికి లాగుతోంది. తిట్టుకుంటూ, దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ, అడుగు అడుగుగా ఈడ్చుకొచ్చి గడ్డిలో పడేశాడు.

 జయకృష్ణ పక్కనే చతికిలబడ్డాడు. పెళ్ళి గోవిందా అనుకున్నాడు. ఒరేయ్ అన్నాడు, వెధవా అన్నాడు, ఇంకేం మిగిలింది?

"ఆ బూట్లు జారతాయని మీకు ముందే తెలుసా?" అన్నాడు వెంకటాచలం, దగ్గు మధ్యలో.

"తెలుసండి."

"బెల్టు సంగతి?"

"అదీ తెలుసు. క్షమించండి బావగారూ, నేనేదో ఎదురు చెప్పినట్టు..."

"నేనేదో వాగితే మీరు నన్ను చావడానికి వదిలేశారా?" వెంకటాచలం పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నవ్వు ఎక్కడా లేదు. "రేపు మా ఇంట్లో ఏదైనా తేడా జరిగితే, మీ అమ్మాయిని కూడా ఇలాగే నోరు మూసుకుని ఉండమని చెప్పి పంపుతున్నారా?"

 నెలరోజులుగా జయకృష్ణా ప్రఫుల్లా ఇద్దరూ మధులికకి చెబుతున్నది అదే.