ఐలీ ముగ్గురికి వండిన పండుగ

మా రేవు ఊరు టూ హార్బర్స్‌లో ఐలీ నియెమెలాను ఎరగనివాళ్లు లేరు. కానీ ఆమెతో కలిసి పండుగ భోజనం చేసినవాళ్లు మాత్రం ఊళ్లో ఎవరూ లేరు. ఇనుపరాయి, అంటే ఇనుప ఖనిజం, మోసే ఓడలో ఆమె చాలా ఏళ్లు వంటమనిషి. సుపీరియర్ సరస్సు గడ్డకట్టే దాకా ఆ ఓడలు ఆగవు. మార్చి చివర్లో ఎక్కితే మళ్లీ జనవరిలో దిగడమే. నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ ఏటా ఆమెకు నీళ్ల మీదే గడిచిపోయేది.

ఆ రోజున ఓడలో ఏం వండాలన్న ఆలోచన ఆమెకు సెప్టెంబరులోనే మొదలయ్యేది. కొత్తవాడెవడైనా పనిలో చేరి మొదటిసారి కాఫీకి వస్తే, కప్పు చేతికిస్తూ అడిగేది:

"ఏం నాయనా, థాంక్స్‌గివింగ్ నాడు మీ ఇంట్లో బల్ల మీద ఏది లేకపోతే పండగలా ఉండదు?"

టర్కీ, గ్రేవీ, బంగాళాదుంపల ముద్ద ఎలాగూ అందరికీ ఉండేవే. అవి కాక, అలా అడిగి తెలుసుకున్నవన్నీ వండేది. చుక్కాని పట్టేవాడొకడు బాల్టిమోర్ నుంచి వచ్చాడు, వాడికి టర్కీ పక్కన పులియబెట్టిన క్యాబేజీ ఉండాలి. ఇంజను గదిలో పనిచేసే ఇంకొకడికి క్రాన్‌బెర్రీ పచ్చడి డబ్బాలోదే కావాలి, అదీ డబ్బా గీతలు చెరగకుండా ముద్దగా బయటికి జారాలి. చేత్తో చేసింది పెడితే "ఇది మా అమ్మ పెట్టేది కాదు" అని మొహం మాడ్చుకునేవాడు. అనాథాశ్రమంలో పెరిగినవాడొకడు మొదట "నాకేం లేదు" అన్నాడు. ఒక నెల పోయాక గిన్నెలు కడగడానికి సాయం చేస్తూ, ఆ ఒక్కరోజు తమకు తలో రెండు తేనె రొట్టెలు ఇచ్చేవారని చెప్పాడు. ఆ ఏడాది నుంచి ఓడలో ఎవరు ఎన్ని తిన్నా వాడి పళ్లెం పక్కన రెండు తేనె రొట్టెలు విడిగా ఉండేవి.

ఓడ నిచ్చెన ఎక్కడానికి మోకాళ్లు మొరాయించడంతో అరవయ్యో ఏట ఐలీ పని మానేసింది. మా వీధిలోనే ఉండే చెల్లెలు లెనోర్ ఇంట్లో మేడ గది తీసుకుంది. లెనోర్, ఆమె భర్త వెర్నర్ ఇద్దరే ఉంటారు. వాళ్ల గోడ పక్క ఇల్లే మాది కాబట్టి ఆ ఇంట్లో ఏం వండుతున్నారో, ఎందుకు దెబ్బలాడుకుంటున్నారో నాకు తెలియకుండా పోదు.

నవంబరు మొదట్లో లెనోర్ పోస్టాఫీసు మెట్ల మీద మంచుకి జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. చేతికి పిండికట్టు వేశారు. దాంతో వంట ఐలీ చేతికొచ్చింది. మొదటి రోజే ఆమె గొడ్డుమాంసం పులుసు చేసింది. ఎంత తగ్గించి చేద్దామన్నా చెయ్యి తగ్గలేదు, రెండు పెద్ద తపేలాలు నిండాయి. నాలుగో రోజు కూడా అదే పులుసు వడ్డిస్తే వెర్నర్ చెంచా కింద పెట్టాడు.

"వదినా, ఇంకో వారం ఇదే అయితే నా పేరు కూడా ఓడలో రాసేసుకో. జీతమైనా వస్తుంది."

"తినవయ్యా, పస్తులుంచలేదుగా," అంది ఐలీ. కానీ ఆ రోజే వెళ్లి చిన్న గిన్నెలు కొనుక్కొచ్చింది.

తర్వాతి ఆదివారం నేను కాఫీకి వెళ్లేసరికి అక్కచెల్లెళ్లిద్దరూ వంటగదిలో ఉన్నారు. వెర్నర్ కిటికీ పక్కన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఐలీ నాకు కప్పు అందించి, చెల్లెలి వైపు తిరిగింది.

"అవునే లెనోర్, థాంక్స్‌గివింగ్‌కి మీ ఇంట్లో ఏం ఉండాలి? ఏది లేకపోతే పండగలా ఉండదు?"

ఎన్నో ఏళ్లుగా అందరినీ అడిగిన మాటే. అలవాటుగా వచ్చేసింది. కానీ లెనోర్ మొహం ఎర్రబడింది.

"మా ఇల్లా? నీకు తెలియదా అక్కా, మన ఇంట్లో ఏం వండుకుంటారో?"

"తెలియక కాదే..."

"తెలియకే! బాల్టిమోర్ వాడి క్యాబేజీ గుర్తుంటుంది, వాడెవడి డబ్బా గీతలో గుర్తుంటాయి. సొంత చెల్లెలి బల్ల మీద ఏముంటుందో నన్ను అడుగుతున్నావు. ఒక్క ఏడాది కూడా వచ్చి కూర్చోలేదుగా, ఎలా తెలుస్తుంది?"

ఐలీ గ్యాస్ మంట తగ్గించింది, మళ్లీ పెంచింది.

"నువ్వన్నది నిజమే," అంది. "నాకు తెలియదు. అందుకే అడుగుతున్నా."

లెనోర్ కోపం సగం దిగింది. కుర్చీలో కూలబడి చెప్పుకొచ్చింది. టర్కీ, దాని కడుపులో కూరే సేజ్ ఆకు రొట్టెముక్కలు, గ్రేవీ, చిలగడదుంపలు, చిక్కుళ్లు, లోపల పండ్ల గుజ్జు కూరి కాల్చే తీపి పైలు రెండు రకాలు. పెళ్లయిన ఏడాది అత్తగారి కోసం అలా మొదలుపెట్టింది, ఆమె పోయి ఆరేళ్లయినా ఒక్కటీ మార్చలేదు.

"సరే, అవే చేస్తాను. నీకేది బాగా ఇష్టం?"

"నాకా? చేసేదాన్ని నేను. నాకిష్టమేమిటి?" అంటూ లెనోర్ ఆగింది. "ముందు నువ్వు చెప్పు. నీకేం కావాలి?"

ఆ మాట ఐలీని ఎప్పుడూ ఎవరూ అడిగి ఉండరు. కిటికీలోంచి రేవు వైపు చూస్తూ, తప్పు ఒప్పుకుంటున్నదానిలా నెమ్మదిగా అంది.

"నాకు టర్కీ అంటే పడదు లెనోర్. ఎప్పటినుంచో. ఆ వాసనకే ఆకలి చచ్చిపోతుంది."

పేపరు వెనకనుంచి వెర్నర్ గొంతు వినబడింది.

"నాకూ అంతే."

లెనోర్ గిరుక్కున తిరిగింది. "ఏంటీ? ప్రతి ఏడూ రెండోసారి అడిగి మరీ వేయించుకుంటావుగా!"

"నువ్వు కష్టపడి చేస్తావు. వద్దంటే ఏం బాగుంటుంది?"

"నేను చేసిందే మీ అమ్మ కోసం కదా మహానుభావా!"

"అమ్మ నీకోసం తినేది. ఆవిడకి చేపంటే ప్రాణం. కోడలు ముచ్చటపడి చేస్తోంది, నోరు మూసుకుని తిను అని నాతో చెప్పేది."

లెనోర్ భర్తను చూసింది, అక్కను చూసింది. ఏడుస్తుందనుకుని నేను కప్పు కింద పెట్టాను. ఆమె మాత్రం ఎడమ చెయ్యి బల్లకేసి కొడుతూ, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. "ముప్పై ఏళ్లు! తెల్లారకముందే లేచి ఆ దిక్కుమాలిన పక్షికి గంటగంటకీ వెన్న పూశానే!" అంటూ ఆగకుండా నవ్వింది. ఐలీకి కూడా నవ్వొచ్చింది. వెర్నర్ పేపరు వెనకే ఉండిపోయాడు, అదే క్షేమమనుకున్నాడు కాబోలు.

ఆ తర్వాత అసలైన బేరం మొదలైంది. చేప అనుకున్నారు. సరస్సు ట్రౌట్‌ను వెన్నలో, సోంపాకుతో ఓవెన్‌లో పెట్టాలని ఐలీ అంది. తమ తల్లి చేసే రూటబాగా దుంపల అట్టు ఉండాలని లెనోర్ అంది. దుంపల్ని ఉడికించి, మెదిపి, మీగడ, జాజికాయ కలిపి ఓవెన్‌లో ఎర్రగా కాల్చే, తాతల నాటి ఆ ఫిన్లాండు వంట వాళ్లమ్మ పోయాక ఆ ఇంట్లో ఎవరూ చేయలేదు. సరస్సుల్లో పండే అడవిబియ్యం, పుట్టగొడుగులు వెర్నర్ కోరాడు. తీపి పై దగ్గర గొడవొచ్చింది.

"మూడు చేస్తా," అంది ఐలీ.

"ముగ్గురికి మూడు పైలా? ఒకటి."

"ఒకటి చేస్తే ఎవరైనా వస్తే?"

"ఎవరొస్తారు అక్కా? ఇది ఓడ కాదు. ఒకటే. గుమ్మడికాయది."

"సరే. మరి క్రాన్‌బెర్రీ వద్దుగా? చేపకి బాగోదు."

"బాగోకపోయినా పెట్టు. థాంక్స్‌గివింగ్ అని గుర్తుండటానికి బల్ల మీద ఏదో ఒకటి ఎర్రగా ఉండొద్దూ!"

పండుగ వారం మొదట్లో ఐలీ పనిచేసిన ఓడ ఇనుపరాయి ఎక్కించుకోవడానికి మా రేవుకే వచ్చింది. మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. నేను ఆ ఇంటికి ఉల్లిపాయలు ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉన్నాను. గుమ్మంలో భారీ మనిషి, టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. ఐలీ జాగాలో కొత్తగా వచ్చిన వంటవాడు, పేరు గార్త్. టొలీడోలో హోటళ్లలో చేసి వచ్చాడట.

"ఐలీగారు మీరేనాండీ? లోపలికి రావచ్చా? మీవల్ల నా ప్రాణం పోయేలా ఉంది."

"నేనేం చేశానయ్యా?"

"ఏం చేశారని కాదండీ, ఎలా చేశారో చెప్పండి. థాంక్స్‌గివింగ్‌కి ఏం కావాలిరా అని అడిగితే ఒక్కడూ నోరు విప్పడు. 'ఆవిడకి తెలుసు' అంటారు. నాకు తెలియదు కదా! మొన్న క్రాన్‌బెర్రీ నారింజ తొక్కతో చేసి రుచి చూపించాను. ఇంజను గదిలోవాడు ఇలా చూశాడండీ," అని ముక్కు ఎగబీల్చి చూపించాడు.

ఐలీ పకపకా నవ్వింది. "వాడికి డబ్బాదే కావాలి. గీతలు కనబడాలి. ఇంకా చుక్కాని దగ్గర..." అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె మొహంలో ఆ వెలుగు ఓడ దిగాక నేను చూడలేదు. అన్నీ నాలుక చివరనే ఉన్నాయి. గార్త్ ముందుకు వంగాడు. కానీ ఆమె అక్కడే ఆగిపోయింది.

"మిగతావి చెప్పను."

"అయ్యో, అదేంటండీ!"

"కోపం తెచ్చుకోకు. నువ్వు పొయ్యి దగ్గర నిలబడి అడిగి ఉంటావు. అవునా?"

"అవునండీ."

"అలా అడిగితే చెప్పరు. సిగ్గు. దుంపల బుట్ట తీసుకెళ్లి వాళ్ల మధ్య కూర్చుని తొక్క తియ్యి. నలుగురూ తలో కత్తీ పట్టుకుంటారు. చేతులు పనిలో పడితే నోళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. సరే, నీ సంగతేంటి? మీ ఇంట్లో ఏది లేకపోతే పండగ కాదు?"

గార్త్ టోపీ వైపు చూసుకున్నాడు. "మా నాన్న చిన్న ఉల్లిపాయలు పాలలో, వెన్నలో ఉడికించేవాడండీ. ఏడాదంతా పొయ్యి ముట్టుకునేవాడు కాదు, ఆ ఒక్కటీ ఆయనే చేసేవాడు. పోయాక మేమెవరం చేయలేదు."

"ముందు అది చెయ్యి. ఇది నాది అని చెప్పి బల్ల మధ్యలో పెట్టు."

అతను వెళ్లేటప్పుడు నేను తెచ్చిన ఉల్లిపాయల సంచీ కూడా అతని చేతిలో పెట్టేసింది. నన్ను మాట వరసకైనా అడగలేదు. తలుపు మూశాక లెనోర్ అడిగింది.

"అంతా నోటికొచ్చు కదక్కా, చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"చెప్తే వాళ్లు ఇంకా నా వంటే తింటారే. పాపం, వాడు అక్కడ ఒంటరివాడైపోతాడు."

అంత మాట అన్నదే గానీ, సాయంత్రం ఓడ కూత వేసి కదిలినప్పుడు ఐలీ పెరట్లో కోటు లేకుండా నిలబడి, దీపాలు కనుమరుగయ్యే దాకా చూసింది. లెనోర్ ఎడమ చేత్తో కోటు తెచ్చి ఆమె భుజాల మీద వేసి, పక్కన నిలబడింది.

పండుగ రోజు, గురువారం నాడు, మంచు కురిసింది. నేను మా పిల్లల ఇంట్లో భోంచేసి తీపి పై తినే వేళకి వాళ్లింటికి వెళ్లాను. అప్పటికింకా వాళ్లు బల్ల దగ్గరే ఉన్నారు. ఐలీ కుదురుగా కూర్చోలేకపోయిందట. ఉప్పు తెస్తానని, రొట్టె తెస్తానని లేస్తూనే ఉంటే వెర్నర్ ఆమె కుర్చీని తన కాలితో బల్లకు నొక్కి పట్టి, "వదినా, ఇక్కడ ఓడలోలా భోజనాల గంట కొట్టేవాళ్లు లేరు, తిను," అన్నాడట. చేప కాస్త ఎక్కువ కాలింది. రూటబాగా అట్టు మాత్రం పన్నెండు మందికి సరిపోయేంత పళ్లెంలో ఉంది. చిన్న గిన్నె తీసి చూసి, మనసొప్పక మళ్లీ పెద్దది పెట్టిందట. లెనోర్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "జాజికాయ అమ్మే ఎక్కువ వేసేది," అందట. అలా అంటూనే రెండోసారి వడ్డించుకుందట, ఎవరి కోసమూ కాకుండా.

డిసెంబరులో ఓడ మళ్లీ వచ్చినప్పుడు గార్త్ కబురు చెప్పాడు. పాలలో ఉడికించిన ఉల్లిపాయల్ని వాళ్లు మొదట అనుమానంగా చూశారట. తర్వాత గిన్నె గీకారట. కొత్తగా చేరిన ఒకడు దుంపల తొక్క తీస్తూ తన ఊరి జొన్నరొట్టె గురించి చెప్పాడట. అది ఐలీకి కూడా తెలియని వంట.

మరుసటి ఏడాదికి లెనోర్ చెయ్యి బాగైంది. పొయ్యి నాది అంటే నాది అని అక్టోబరు నుంచే ఇద్దరికీ జగడం మొదలైంది. ఆ నవంబరుకి బల్ల దగ్గర ఏడుగురం అయ్యాం, నన్నూ మావాళ్లనూ కలుపుకుని. టర్కీ లేదు. పైలు రెండా మూడా అన్న గొడవ మాత్రం గోడ ఇవతల మా ఇంటికి నెలంతా వినబడుతూనే ఉంది.