అడ్డంగా కోసిన చేప

నాకు అనుమానం ఎక్కువని మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే తేల్చేశారు. పాలవాడు గుమ్మం దాటకముందే గిన్నెలో వేలు ముంచి చూసే రకాన్ని. ఆయన వెక్కిరిస్తారు గానీ, నా అనుమానాల్లో వట్టివని తేలినవి తక్కువ. అందుకే ఆయన కాలి విషయంలో కూడా డాక్టరు మాట కన్నా నా బుర్రనే నమ్ముకున్నాను.

వానాకాలంలో బాత్రూములో జారిపడి ఆయనకి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, ఎముక దానంతటదే అతుక్కుంటుంది గానీ నడక మాత్రం నడిస్తేనే వస్తుందన్నాడు. నడిపించడానికి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. బెంగాలీ పిల్ల. నన్ను 'మాషిమా' అనేది, మనం పిన్నీ అన్నట్టు.

మాకు పిల్లలు లేరు. ఉన్నది ఇద్దరమే. ఆయన కలకత్తా దగ్గర లిలువా రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక క్వార్టరు వదిలేసి, ఆ దగ్గరలోనే ఒక సందులో మేడమీద వాటా అద్దెకి తీసుకున్నాం. నా మోకాళ్ళు అప్పటికే పోయాయి. ఎముకకి ఎముక రాసుకుంటోంది, మార్పించుకోక తప్పదని అదే డాక్టరు చెప్పాడు. కుడికాలు మొదట, అది కుదిరాక ఎడమది. "మీ ఆయన తన పని తాను చేసుకునే రోజు రానివ్వండి, ఆ మర్నాడే మీరు వచ్చి చేరండి" అన్నాడు డాక్టరు, మా ఆయన వింటుండగానే. అంటే ఆయన లేస్తే గానీ నేను పడుకోవడానికి లేదు. అప్పటిదాకా ఈ మోకాళ్ళతోనే ఆయన స్నానానికి నీళ్ళు మోయాలి, అన్నం పళ్ళెం మంచం దాకా పట్టుకెళ్ళాలి. నేల మీద ఏదైనా పడితే వంగి తీయలేక ఏడుపొచ్చేది.

ఆయనేమో లేవడం లేదు. అమ్మాయి వచ్చి వాకరు ముందు పెట్టేది. నాలుగడుగులు వేసి, "బాబోయ్, నావల్ల గాదు" అని మంచం మీద కూలబడేవారు. మొదట నా అనుమానం ఆ పిల్ల మీదకే పోయింది. దీనికి పని రాదేమో, వచ్చినా సాగదీస్తోందేమో అనుకున్నాను. ఒకరోజు ఆమె ఆయన తొడ పట్టుకుని చూసి మొహం చిట్లించింది. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ, "కండ బాగా గట్టిపడింది మాషిమా, ఇంత బలం ఉన్నవాళ్ళు మెట్లు దిగుతారు. ఈయన ఎందుకు నడవట్లేదో నాకు అర్థం కావడం లేదు" అంది.

ఆ మాట నా చెవిలో జోరీగలా తిరిగింది. మంచం మీదున్న మనిషికి కండ ఎక్కణ్ణించి వస్తుంది?

ఇక అన్నీ పట్టిపట్టి చూడటం మొదలుపెట్టాను. వాకరు కాళ్ళకి రబ్బరు తొడుగులుంటాయి కదా, వాటిని తిరగేసి చూశాను. ఇంట్లో మట్టి తప్ప ఏమీ లేదు. ఆయన చెప్పులు మాత్రం మంచం కింద నేను పెట్టినట్టు లేవు. అడుగున తడి. "బాత్రూముకి ఎళ్ళినాను గదా" అన్నారు, అడక్కుండానే. అడక్కుండా జవాబు చెప్పే అలవాటు ఆయనకి ఎప్పుడూ లేదు.

కింద వాటాలో ఒక బెంగాలీ పెద్దాయన ఉంటారు. ఆయనా వర్క్‌షాపు మనిషే. మేం అన్నయ్యా అన్నట్టు దాదా అంటాం, ఆయన నన్ను బౌది, అంటే వదినా అంటారు. ఆయన భార్య పిత్తాశయంలో రాళ్ళు తీయించుకోవడానికి నవ్వుతూ వెళ్ళి ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. అప్పట్నించీ ఒంటరి. రోజు విడిచి రోజు నేను టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కి మోకాళ్ళకి కరెంటు కాపడం పెట్టించుకోడానికి వెళ్తే, దాదా పైకొచ్చి ఈయనకి తోడు కూర్చునేవారు. బజారు నుంచి సరుకులు తెచ్చిపెట్టేదీ ఆయనే. నేను తిరిగొచ్చేసరికి ఇద్దరూ పేపరు చెరో ముక్కా పట్టుకుని తలెత్తకుండా చదువుతూ ఉండేవారు. ఆ బుద్ధిమంతుల వేషం చూస్తే నాకు ఒళ్ళు మండేది. మా ఆయనకి బెంగాలీ పేపరు చదవడం రాదు.

చివరికి పట్టించింది చేప.

ఇక్కడ పెద్ద రుయి చేపని నిలువునా చీల్చి, వెన్ను వేరుగా పొట్ట వేరుగా ముక్కలు చేస్తారు. మా శ్రీకాకుళం వాళ్ళకి అలా నచ్చదు. నడుముకి అడ్డంగా, వెన్నూ పొట్టా కలిసి చక్రంలా ఉండాలి ముక్క. ఇన్నేళ్ళుగా మా ఆయన చేపలవాడి ముందు నిలబడి, వాడు గొణుక్కుంటున్నా వినకుండా అలాగే కోయిస్తారు. దాదా తెచ్చే చేప మాత్రం ఎప్పుడూ వాళ్ళ పద్ధతిలోనే వచ్చేది. ఎన్నిసార్లు చెప్పినా అక్కడికి వెళ్ళేసరికి మర్చిపోతారు. ఆ రోజు కాపడం నుంచి వచ్చి వంటింట్లో సంచీ విప్పాను. ముక్కలన్నీ అడ్డంగా కోసి ఉన్నాయి.

గిన్నె పట్టుకుని గదిలోకి వెళ్ళాను. "చేప చాలా బావుంది, ఎవరు తెచ్చారు?" అన్నాను.

"దాదా తెచ్చినారు. ఇంకెవులు తెత్తారు?" అన్నారాయన గోడ వైపు చూస్తూ. దాదా లేచి, కింద కుక్కరు పెట్టొచ్చానని వెళ్ళిపోయారు. కూర వండాను, ముక్క వేశాను. నన్ను గాడిదలా చాకిరీ చేయిస్తూ ఈ మనిషి హాయిగా సేవలు చేయించుకుంటున్నాడన్న కోపంతో నాకు మాత్రం ముద్ద దిగలేదు.

మళ్ళీ కాపడం రోజు వచ్చింది. ఎప్పటిలాగే చెప్పి కిందికి దిగాను. టోటో ఎక్కకుండా ఎదురు టైలరు కొట్లో స్టూలు మీద కూర్చున్నాను. కాసేపటికి ముందు దాదా బయటికొచ్చి సందుకి అటూ ఇటూ చూసి, లోపలికి చెయ్యి ఊపారు. మెట్ల మీద మా ఆయన కనిపించారు. ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేతిలో దాదా చేతికర్ర. ముందు దెబ్బతిన్న కాలు దింపి, తర్వాత మంచి కాలు. ఆ అమ్మాయి నేర్పింది నేర్పినట్టే, ఒక్క మెట్టు తప్పకుండా దిగారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనిషి నడుస్తున్నాడు. ఆ సంతోషం సందు మలుపు దాకా కూడా నిలవలేదు, వెనకాలే కోపం ముంచుకొచ్చింది.

నా మోకాళ్ళతో వాళ్ళని అందుకోలేననుకున్నాను గానీ కోపం నడిపించింది. బజార్లో చేపలవాడు పెద్ద కత్తిపీట ముందు కూర్చుని ఉన్నాడు. మా ఆయన వంగి మొప్ప ఎత్తి చూస్తున్నారు.

"అడ్డంగా కొయ్యమనండి" అన్నాను వెనకనుంచి.

ఆయన చేతిలోంచి చేప జారిపోయింది. దాదా పక్క కొట్లో వంకాయలు చూడ్డంలో మునిగిపోయారు.

"ఏటండీ ఇది? ఎన్నాళ్ళ నుంచండీ ఈ నాటకం?" నా గొంతు పెద్దదైంది. "నా ఎముకలు పిండైపోతన్నాయి, మీకు కనబడ్డం నేదా? మంచం మీద కూకుని నా సేత సేయించుకోడానికి మనసెలా వొచ్చింది?"

ఆయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు. తర్వాత దాదా వీపు వైపు గడ్డం ఎత్తి చూపించారు.

"ఆరి ఆవిడ నవ్వుతా ఎళ్ళింది" అన్నారు మెల్లగా. "నాను నడిసినానంటే మర్నాడే నువ్వెళ్ళి ఆ బల్ల మీద పడుకోవాల. నువ్వు రాకపోతే నానేటి సేత్తానే?"

ఇన్ని అనుమానాలు పడ్డాను, బద్ధకం అనుకున్నాను, సుఖానికి మరిగాడనుకున్నాను. భయం అన్నది ఒక్కసారీ తట్టలేదు. అయినా కోపం పోలేదు. ఈ మోకాళ్ళతో బతకమంటే నడుస్తూ నడుస్తూ చావమన్నట్టే కదా అని అక్కడే, చేపల మధ్య అడిగేశాను. ఆయన తలదించుకున్నారు. "సరే ఎల్లు" అన్నారు.

చలి తగ్గుతుండగా నా కుడి మోకాలు మార్చారు. ఆసుపత్రిలో చేరే రోజున మెట్ల మీద ఆయనే ముందు దిగి, కింద నిలబడి నాకు చెయ్యి అందించారు. నేను నవ్వలేదు. నవ్వకుండా వెళ్తే ఆయనకి ధైర్యంగా ఉంటుందనిపించింది.

తిరిగొచ్చాను. ఇప్పుడు అదే అమ్మాయి నా ముందు వాకరు పెడుతోంది. మోకాలు వంచమంటే ప్రాణం పోతున్నట్టుంటుంది, తిడుతూనే వంచుతున్నాను. వంట ఆయనే చేస్తున్నారు. ఉప్పు ఎక్కువే.

నిన్న పళ్ళెంలో చేప ముక్క చూశాను. నిలువుగా చీల్చింది. వెన్ను ముక్క వేరు, పొట్ట ముక్క వేరు. అంటే దాదాయే తెచ్చారు, ఈయన బజారుకి వెళ్ళలేదు.

"కాలు నొప్పా?" అన్నాను.

"ఆఁ, కొంచెం నొప్పిగుంది" అన్నారు గోడ వైపు చూస్తూ.

నొప్పి కాదని, నన్ను వదిలి కదల్లేకేనని నాకు తెలుసు. నేను కళ్ళు మూసుకుంటే చాలు, మంచం పక్క కుర్చీలోంచి "ఏటే" అని పిలుస్తారు. "ఏటండీ" అంటే, "ఏట్నేదు, పడుకో" అంటారు. మళ్ళీ కాసేపటికి "ఏటే" అంటారు.

ఈ అబద్ధాన్ని మాత్రం నేను పట్టుకోదల్చుకోలేదు. ముల్లు తీసి పెట్టమన్నాను, ఆయన తీసి పెట్టారు, తిన్నాను. రాత్రి ఆయన పిలిచినప్పుడల్లా పలికాను.