పెళ్లి కాలేదని ఒక కాగితం

మా పెళ్లి సైప్రస్ దీవిలో, ఒక ప్రభుత్వ అధికారి ఎదుట జరగాల్సి ఉంది. అక్కడే నర్సులుగా పనిచేస్తున్న మా ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకలేదు. మల్లేశ్‌కు ఇంకా పెళ్లి కాలేదని వాళ్ల అమ్మ చేత రాయించిన కాగితం కావాలి. అందుకే కాకినాడ పిల్లనైన నేను ఒక్కదాన్నే వికారాబాద్‌లోని నోటరీ ఆఫీసుకు వచ్చాను, వాళ్ల అమ్మ కూడా అక్కడికే వచ్చింది. ఆమెను చూడడం అదే మొదటిసారి.

ఆమె తాండూరు దగ్గర గొర్రెలు కాసుకునే మనిషి. పందిరి లేని పెళ్లికి ఒప్పుకుంటుందో లేదోనని నాకు ఒకటే భయం.

"పంతులు లేకుంటే అక్షింతలు ఎవరేస్తరు?" అని అడిగింది.

"ఇద్దరు సాక్షులు సంతకాలు పెడతారండీ, అంతే."

నోటరీ ఆ కాగితాన్ని చదివి వినిపించాడు. వేలిముద్ర వేయబోయి ఆమె ఆగిపోయింది.

"సారూ, నా కొడుక్కు పెండ్లి కాలేదని రాసిండ్రు, మంచిదే. పిల్ల దొరికిందని గూడ రాయుండ్రి. లేకుంటే గా దేశపోళ్లు ఏమనుకుంటరు?"

నోటరీ పగలబడి నవ్వి, అలా రాయడం కుదరదన్నాడు.

"అయితే నేనే చెప్పుకుంట," అని వేలిముద్ర వేసి నా చెయ్యి పట్టుకుంది. "నడువు బిడ్డా, ఇంటికి పోదాం."

మా వైపు బిడ్డంటే ఏ పసివాళ్లయినా కావచ్చు. ఇక్కడ మాత్రం కూతురనే అర్థమని మల్లేశ్ ఎప్పుడో చెప్పాడు.

బస్సులో ఆమె అన్నంత పనీ చేసింది. తాండూరులో దిగేసరికి కండక్టరుతో సహా అందరూ నన్ను చల్లగా ఉండమని దీవించారు.